సంచి అడుగు విప్పించే మనిషి

మైదుకూరులో నాలుగు రోడ్లు కలుస్తాయి. కడప నుంచి వచ్చేదొకటి, నంద్యాల మీదుగా కర్నూలు పోయేదొకటి, ప్రొద్దుటూరుది ఒకటి, బద్వేలుది ఒకటి. నేను ఎక్కాల్సిన బస్సు కళ్ల ముందే వెళ్లిపోయిన ఊళ్లు చాలా ఉన్నాయిగానీ, ఎక్కువసార్లు వెళ్లిపోయింది ఈ కూడలిలోనే. అట్లాంటి ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక బద్వేలు రోడ్డులో ఒక పసుపు కొట్టు అరుగు మీద కూర్చున్నాను. లోపలి నుంచి గురక వినిపించింది. పచ్చి కట్టెను రంపంతో కోస్తున్నట్టు మొదలై, చటుక్కున తెగిపోయేది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఎవరో గొంతు పట్టుకుని వదిలినట్టు ఒక్క గుటకతో మళ్లీ అందుకునేది. కొట్టు యజమాని తిని పడుకున్నాడు కాబోలు, బాగా లావుపాటి మనిషి అయి ఉంటాడు అనుకున్నాను. తొంగి చూస్తే, గోనె సంచుల మీద దుప్పటి పరిచి, దాని మీద ఆరేళ్ల ఆడపిల్ల నోరు తెరుచుకుని నిద్రపోతూ ఉంది. పక్కన అరవై దాటిన ఒకావిడ కూర్చుని పసుపు కొమ్ములు విరిచి చూస్తూ ఉంది. చేతులు పసుపు మీద, కళ్లు పిల్ల ఛాతీ మీద.

ఆవిడ సుబ్బరత్నమ్మ. పిల్ల ఆమె కొడుకు కూతురు శ్రీవాసవి. ఆ తర్వాత రెండేళ్లలో నేను ఆ కొట్టుకు చాలాసార్లు వెళ్లాను, ఒకసారి ఆమెతో కలిసి దూరప్రయాణం కూడా చేశాను. నేను చూసింది, ఆమె చెప్పింది, ఆమె కొడుకు చెప్పింది కలిపి రాస్తున్నాను.

ముందు ఆమె పని గురించి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

ఈ పక్క పసుపు పండటానికి కారణం కర్నూలు కడప కాలువ. పడవలు కూడా నడుపుకోవచ్చని ఆశపడి దాన్ని తవ్విన తెల్లవాళ్ల కంపెనీ నష్టపోయి, చివరికి సర్కారుకు అప్పగించి వెళ్లిపోయింది. పడవలు పోయాయి, పసుపు మిగిలింది. సుబ్బరత్నమ్మ భర్త పసుపు వ్యాపారి. కొడుకు జ్ఞానేశ్వర్ పదో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. బంధువులు కొట్టు మూసేయమన్నారు. ఆమె కర్మకాండలు ముగిసిన వారానికి కొట్టు తలుపు తీసి, భర్త కూర్చునే చోట కూర్చుంది. "ఆడమనిషి, పసుపంటే కూరలో వేసేదనుకుంటాది" అని నవ్విన రైతులు మొదటి సంవత్సరంలోనే నవ్వడం మానేశారు.

ఎందుకంటే, రైతు సంచి మూతి విప్పి చూపిస్తాడు. పైన పోసినవి వేలెడు పొడుగున్నవి, నున్నగా మెరిసేవి. కొనేవాడు రెండు విరిచి చూసి ధర చెప్తాడు. దీన్నే మచ్చు చూడటం అంటారు. సుబ్బరత్నమ్మ మూతి వంక చూడదు.

"అడుగు విప్పప్పా" అంటుంది.

"ఏంది రత్నమ్మక్కా, నమ్మకం లేదా?"

"నీ మింద శానా నమ్మకం ఉండాది. సంచి మింద లేదు. విప్పు."

సంచిని బోర్లించి, అడుగు మూల కుట్టు ఊడదీసి, చెయ్యి పెట్టి నాలుగు కొమ్ములు లాగుతుంది. విరుస్తుంది. లోపలి రంగు చూస్తుంది, వాసన చూస్తుంది, పుచ్చు ఉందేమో గోటితో గీరి చూస్తుంది. అడుగున చెత్త ఉన్నంత మాత్రాన కొనకుండా పోదు. ఎంత ఉందో తెలుసుకుని, ఇది రంగుకు పనికొస్తుంది, ఇది నూరుకోవడానికి పనికొస్తుంది, ఇది దేనికీ పనికిరాదు అని వేరు చేసి, ఆ ప్రకారం ధర చెప్తుంది. ఇరవై రెండేళ్లు ఇదే పని. మార్కెట్ యార్డులో ఆమె వస్తుంటే, "కుట్లు ఇప్పే అక్క వస్తాంది, సూదీ దారం తీసుకోండిరా" అని హమాలీలు అరిచేవారు.

ఇంత తెలివిగల మనిషి సొంత మనవరాలి విషయంలో రెండేళ్లు ఒక తప్పు చేసింది. అట్లాంటి తప్పు పసుపు కొట్టు ఉన్న ఇంట్లోనే జరుగుతుంది.

శ్రీవాసవికి నాలుగో ఏట నుంచి ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉండేది. జలుబు చేస్తే పసుపు కొమ్మును దీపానికి అంటించి, ఆ పొగ పీల్పించడం మన ఇళ్లలో ఉన్నదే. సుబ్బరత్నమ్మ మనవరాలి కోసం దువ్వూరు పక్క నుంచి వచ్చిన సరుకులో మేలైన కొమ్ములు ఏరి, విడిగా డబ్బాలో దాచింది. రోజూ పొద్దున్నే ఒకటి అంటించి పిల్ల ముక్కు కింద పెట్టేది. పిల్ల దగ్గేది, కళ్లలో నీళ్లు తిరిగేవి. "కారిపోతాండాది చూడు, లోపల ఉండేదంతా వచ్చేస్తాది" అనేది. రెండేళ్లయినా ఏమీ రాలేదు. నోరు తెరిచి ఊపిరి పీల్చడం అలవాటయి పెదవులు ఎండిపోయాయి. పిల్ల అన్నం నమలడానికి కష్టపడేది, నములుతూ ఊపిరి తీసుకోలేక మధ్యలో ఆగేది. బడిలో టీచరు, "పాప మంచిదేగాని మందకొడి. పిలిస్తే పలకదు" అని చెప్పి పంపింది.

మందకొడి అన్న మాటకు సుబ్బరత్నమ్మకు కోపం వచ్చింది. ఆ సాయంత్రం పిల్ల వెనక నిలబడి, సంచి వేరే మనిషికి చూపిస్తున్నట్టు నటిస్తూ, "బెల్లం ముక్క కావాలా వాసూ?" అని మామూలు గొంతుతో అడిగింది. పిల్ల తిరగలేదు. బెల్లానికి తిరగని పిల్ల చదువులో మందకొడి కాదు, చెవి వినపడటం లేదు అని ఆమెకు అర్థమైంది. మర్నాడే కొడుకును, పిల్లను వెంటబెట్టుకుని కడప బస్సెక్కింది.

కడపలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు కృపమణి. నడివయసు మనిషి, మాట నిదానం. పిల్ల చెవుల్లో దీపం పెట్టి చూసింది, ముక్కులో సన్నటి గొట్టం పంపి చూసింది, వినికిడి పరీక్ష చేయించింది. తర్వాత తన అరచేతిని గూడులా వంచి చూపించింది.

"ముక్కు రంధ్రాలు వెనక్కు పోయి ఈడ తెరుచుకుంటాయి, అంగిలి పైన. అక్కడ పిల్లలందరికీ ఒక మెత్తటి కండ ఉంటుంది. అడినాయిడ్లు అంటాం. ఈ పాపకు అది బాగా పెరిగి దారి మూసేసింది. చెవి నుంచి గొంతులోకి వచ్చే గొట్టం మూతి కూడా అక్కడే. అది మూసుకునేసరికి చెవుల్లో నీరు చేరింది. అందుకే వినపడటం లేదు." తర్వాత పిల్ల బట్టలు వాసన చూసినట్టు ముక్కు ఎగబీల్చింది. "పొగ వాసన వస్తోంది. ఏం పెడుతున్నారు?"

"పసుపు కొమ్ము డాక్టరమ్మా. మేలైంది. దువ్వూరుది."

"మేలైనదే కావచ్చు. పొగ పొగే కదమ్మా. ఆ వాపును అది ఇంకా రేపుతుంది. ఈరోజు నుంచి ఆపండి."

సుబ్బరత్నమ్మ ఇంటికి వచ్చి ఆ డబ్బాలోని కొమ్ములన్నీ అమ్మకానికి పెట్టిన రాశిలో కలిపేసింది. "ఇరవై రెండేండ్లు ఊరందరి సంచులు విప్పినా. నా ఇంట్లో పిల్ల ముక్కు లోపల ఏముండాదో చూపియ్యమని ఎవుర్నీ అడగలే" అని నాతో అంది. అంతకుమించి ఆ తప్పు గురించి ఎప్పుడూ ఏడవలేదు. ఏడిచే మనిషి కాదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తొస్తోంది. ముక్కు వెనక ఈ కండ ఉందని, అదే పిల్లల్ని చెవిటివాళ్లను చేస్తోందని మొదట గట్టిగా చెప్పింది డెన్మార్కు దేశపు డాక్టరు ఒకాయన, నూట యాభై ఏళ్ల కిందట. చెవి సరిగా వినపడని, ముక్కుతో మాట్లాడే ఒక అమ్మాయి ఆయన దగ్గరికి వచ్చింది. అప్పటికి ఈ గొట్టాలూ దీపాలూ లేవు. ఆయన అంగిలి వెనకకు వేలు పెట్టి తడిమి చూశాడు, మెత్తటి ముద్ద తగిలింది. ఒక్క మనిషిలో చూసింది చాలదని, ఆ ఊరి బళ్లకు పోయి రెండు వేలమంది పిల్లల్ని పరీక్షించాడట. చదివినప్పుడు ఇది నాకు మామూలు విషయంగానే తోచింది. మైదుకూరు పసుపు కొట్టులో కూర్చున్నాక మళ్లీ గుర్తుకొచ్చింది.

డాక్టరు కృపమణి వెంటనే ఆపరేషన్ అనలేదు. ముక్కులో కొట్టే మందు రాసి ఆరు వారాలు వాడమంది. "ఈ కండ ఏడెనిమిదేళ్ల వయసు దాటాక తనంతట తనే చిన్నదవుతుంది. కొందరు పిల్లలకు మందుతోనే గడిచిపోతుంది. కానీ నిద్రలో ఊపిరి ఆగడం ఎక్కువైతే మాత్రం వెంటనే రావాలి" అంది. ఆరు వారాలు మందు కొట్టారు. ముక్కు కాస్త తెరుచుకుంది, గురక పోలేదు, చెవిలో నీరు పోలేదు. అప్పుడు ఆపరేషన్ మంచిదని చెప్పింది.

జ్ఞానేశ్వర్ వినలేదు. మెత్తని మనిషే, కూతురంటే ప్రాణం. భయమే అతన్ని మొండివాణ్ని చేసింది.

"మత్తు ఇచ్చి పండబెడతారంట. లేయకపోతే? తనంతట తనే చిన్నదయితాదని ఆ డాక్టరమ్మే చెప్పె గదా. ఇంకో రెండేండ్లు చూస్తాం."

"రెండేండ్లు చెవి లేకుండా ఏం చదువుతాదిరా?"

"చేయించినాక వస్తాదని ఏం గ్యారంటీ? నువ్వు చెప్పగలవా?"

జ్ఞానేశ్వర్ భార్య హరిత కూతురి తల నిమురుతూ, "అత్తా, మీరు ఏదంటే అది" అంది. కానీ కళ్లు మొగుడి వైపు ఉన్నాయి. సుబ్బరత్నమ్మకు కొడుకు ప్రశ్న సబబుగానే తోచింది. చేయించినాక వస్తుందని ఏమిటి నమ్మకం? తెలియని సరుకును మచ్చు చూడకుండా ఆమె ఎప్పుడూ కొనలేదు. మళ్లీ కడప పోయి డాక్టరు ముందు కూర్చుంది.

"డాక్టరమ్మా, మీ చేత ఈ ఆపరేషన్ అయిన పిల్లల్ని నాకు చూపించల్ల."

కృపమణి నవ్వింది. "వాళ్ల తల్లిదండ్రులను అడిగి, సరేనంటే చెప్తాను" అంది. ముగ్గురు ఒప్పుకున్నారు. ఖాజీపేటలో ఒకరు, కడపలోనే ఒకరు, రాజంపేటలో ఒకరు. సుబ్బరత్నమ్మ మూడు ఇళ్లకూ మధ్యాహ్నం పూటే పోయింది, పిల్లలు నిద్రపోయే వేళకు. ముగ్గురూ నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీస్తూ నిద్రపోతున్నారు. రాజంపేట పిల్ల నిద్ర లేచి, కొత్త మనిషిని చూసి, వంటింట్లో ఉన్న తల్లితో "మా, ఎవురో అవ్వ వచ్చి నన్ను చూస్తాంది" అని గుసగుసగా చెప్పింది. తల్లి లోపలి నుంచే మెల్లగా బదులు చెప్పింది, అది పిల్లకు వినపడింది. ఏడాది కిందట ఆ పిల్లకు గట్టిగా అరిచినా వినపడేది కాదట.

సుబ్బరత్నమ్మ సంబరంగా ఇంటికి వచ్చి చెప్పింది. జ్ఞానేశ్వర్ పూర్తిగా విని, త్రాసు గిన్నె తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు:

"ఆ పేర్లు ఎవురిచ్చినారు?"

"డాక్టరమ్మ."

"బాగయినోళ్ల పేర్లే ఇచ్చింటాది. సంచి మింద పోసినవి చూసి వచ్చినావు. అడుగు విప్పమ్మా. నాకు నేర్పించింది నువ్వే."

కొట్టులో కొనడానికి వచ్చిన ఇద్దరు నవ్వారు. సుబ్బరత్నమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నిజమే రా" అంది. మర్నాడు మళ్లీ కడప.

"డాక్టరమ్మా, ఆపరేషన్ చేసినా బాగుకాని పిల్లల్ని చూపించండి."

ఇది విని డాక్టరు కలం మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేసిందని సుబ్బరత్నమ్మ చెప్పింది. చివరికి, "ఇట్లా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇద్దరున్నారు. ఒకటి నేను చేయకుండా ఉండాల్సింది. ఇంకోటి మళ్లీ చేయాల్సి వచ్చింది. అడిగి చెప్తాను" అంది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి ఊళ్లు చెప్పింది. ఒకటి ఆత్మకూరు, ఒకటి పత్తికొండ పక్క పల్లె.

అప్పుడే నేను మళ్లీ ఆ దారిన వచ్చాను. నాకు పోవాల్సిన చోటు ఏదీ లేదు గనుక ఆమెతో బస్సెక్కాను. చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల దాటి, అక్కడి నుంచి ఆత్మకూరుకు పోతుంటే నల్లమల కొండలు కనిపించాయి. నేను ఆ అడవుల గురించి ఏదో చెప్పబోయాను. "ఉండు సామీ, ఏమేం అడగల్లనో మనసులో అనుకుంటాండా" అని నా నోరు మూయించింది.

ఆత్మకూరులో ఓబుళేశు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్నాడు. చేతులకు గ్రీజు అలాగే ఉండగా బెంచీ చూపించి కూర్చోమన్నాడు.

"మా వానికి చేయించినాం అక్కా. ఏం లాభం లే. నెలకు రెండు తూర్లు జలుబు. ముందూ అంతే, ఇప్పుడూ అంతే."

"గురక పెడతాండెనా అప్పుడు?"

"లేదే."

"నోరు తెరిచి పండుకుంటాండెనా?"

"లేదక్కా. జలుబొక్కటే."

"చెవులు?"

"చెవులా! నేను బయట మిక్చరు పొట్లం విప్పితే ఇంట్లో నుంచి పరిగెత్తుకోని వస్తాడు. డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, జలుబుకు దీనితో పెద్ద తేడా ఉండదు, ఆగుదాం అని. మా ఇంట్లోది వినల్యా. మా బావమరిది కొడుక్కు చేయించినారు, మనోనికీ చేయించల్ల అని పోరు పెట్టింది. నేనే పోయి డాక్టరమ్మను బతిమాలినా." అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇప్పుడు జలుబు చేసినప్పుడల్లా మా ఇంట్లోది నా మొహం చూడదు" అన్నాడు.

బస్టాండుకు నడుస్తూ సుబ్బరత్నమ్మ, "సరుకు చెడ్డది కాదు. జలుబు దాని పని కాదు. గుండ్రటి గడ్డ కాయను తెచ్చి, కొమ్ముకుండే రంగు రాలేదంటే ఎట్ల వస్తాది?" అంది, నాతో కాదు, తనతోనే.

రాత్రికి కర్నూలులో ఆమె బంధువుల ఇంట్లో ఆగి, పొద్దున పత్తికొండ పక్కకు పోయాం. ఆ నేల వేరు. కాలువ లేదు, కొర్రలు, పత్తి, వాన పడితే టమోటా. రోడ్డు పక్కన కొట్టంలో టమోటాలు ఏరి పెట్టెల్లో పోసే ఆడవాళ్ల మధ్య భీమమ్మ ఉంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మేం వచ్చిన పని చెప్పగానే పక్కనున్న వాళ్లను చూసి పెద్దగా నవ్వింది.

"చూడండే! నిద్దరపోయే పిల్లను చూసేదానికి మైదుకూరు నుంచి వచ్చినారంట!"

"అవునమ్మా. మీ బిడ్డకు ఒక తూరి చేయించినా బాగుకాలేదంట గదా."

భీమమ్మ నవ్వు ఆపింది. చేతులు మాత్రం ఆగలేదు. మెత్తబడినవి ఒక పక్క, గట్టివి ఒక పక్క పడుతున్నాయి.

"రెండేండ్లప్పుడు చేయించినా, మా శివకుమారికి. డాక్టరమ్మ అప్పుడు కర్నూల్లో ఉండె. ఇంత చిన్నబిడ్డకు మళ్లా పెరగొచ్చు అని ముందే చెప్పింది. చేయకుంటే అప్పుడు ఊపిరే లేదు బిడ్డకు, పెదాలు నీలంగా అయితాండె. చేయించినాం. మూడేండ్లు బాగుండె. అయిదో ఏట మళ్లా గురక మొదలాయె."

"మళ్లా చేయించినావు."

"చేయించినా."

"భయం కాలేదా? ఒక తూరి చేయించినా పనికి రాలేదే అనిపించలేదా?"

భీమమ్మ ఏరడం ఆపి, మొదటిసారి ఆమె వైపు తిరిగి చూసింది. "పనికి రాలేదని ఎవురన్నారమ్మా? ఆ మూడేండ్లు నా బిడ్డ నిద్దరపోయింది. తినింది. పెరిగింది. మా ఊర్లో అందరూ దుడ్లు నీళ్లల్లో పోసినావన్నారు. మూడేండ్ల నిద్దర ఎవురిస్తారు? మళ్లా పెరిగింది, మళ్లా తీయించినా. అంతే."

శివకుమారి కొట్టం చివర పిల్లలతో పరిగెడుతూ ఉంది. నోరు మూసుకుని పరిగెడుతూ ఉంది. ఆ సంగతి నేను గమనించలేదు, సుబ్బరత్నమ్మ చూపించింది.

ఇంటికి వచ్చాక కొడుకుకు మొత్తం చెప్పింది. ఓబుళేశు మాటలు ఒక్కటి కూడా తగ్గించలేదు. "జలుబు పోతాదని చేయిస్తే పోదు. అది వదిలెయ్. గురకకు, ఊపిరికి పని చేస్తాది. చెవికి శానామందికి చేస్తాది, అందరికీ కాదు. చిన్నప్పుడు చేయిస్తే మళ్లా పెరగొచ్చు, మన పాపకు ఆరు నిండినాయి గాబట్టి ఆ భయం తక్కువంట. ఇదీ అడుగు మచ్చు. ఇంక నువ్వు చెప్పు."

ఆమె బలవంతం చేయలేదు. ఒక్కటే అడిగింది: "రేపు మధ్యాహ్నం నువ్వు కొట్లోనే ఉండు. పాప పక్కన నువ్వు కూర్చో. యాపారం నేను చూసుకుంటా."

ఇన్నేళ్లూ మధ్యాహ్నం జ్ఞానేశ్వర్ యార్డుకు పోయేవాడు, రాత్రి అలసి ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాడు. కూతురు నిద్రపోవడం దగ్గర కూర్చుని చూసింది లేదు. మర్నాడు సంచుల పక్కన కూర్చున్నాడు. గురక మొదలైంది. తెగింది. గోడ గడియారంలో సెకండ్ల ముల్లు కదులుతోంది. పిల్ల ఛాతీ పైకి లేవడానికి ప్రయత్నిస్తోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతోంది, కానీ గాలి పోవడం లేదు. పది. పన్నెండు. పదిహేను. పిల్ల ఒక్కసారి ఎగిరిపడి గుటకేసి ఊపిరి అందుకుంది. జ్ఞానేశ్వర్ కూడా అప్పుడే ఊపిరి వదిలాడు. అతను అంతసేపు బిగబట్టి ఉన్నాడని తల్లికి అప్పుడే తెలిసింది. గంటలో అట్లా పదకొండు సార్లు జరిగింది. లేచి, చొక్కా దులుపుకుని, "ఫోన్ నంబరు ఇయ్యి" అన్నాడు.

"ఎవురిది?"

"డాక్టరమ్మది. తేదీ అడగాల."

మొదటి తేదీ రోజు పిల్లకు జ్వరం వచ్చింది. జ్వరంతో మత్తు ఇవ్వరు, తిప్పి పంపారు. జ్ఞానేశ్వర్ దాన్ని అపశకునంగా తీసుకోబోయాడు. "జ్వరం జ్వరమే రా. తడిసిన పసుపును ఎండబెట్టి మళ్లా తూకానికి పెడతాం గానీ పారేస్తామా?" అని సుబ్బరత్నమ్మ మూడు వారాల తర్వాతి తేదీ తీసుకునే బయటికి వచ్చింది. ఆ మూడు వారాలూ మందు తనే కొట్టింది, కొట్టులో పొగ రానివ్వలేదు, అగరొత్తులు కూడా ఆర్పించింది.

ఆపరేషన్ నోట్లోంచే చేస్తారు, బయట కోత ఉండదు. తీసుకుపోయిన ముప్పావు గంటకు పిల్లను బయటకు తెచ్చారు. ఏడుస్తూ వచ్చింది. ఏడుపు వినపడగానే జ్ఞానేశ్వర్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. మర్నాడు ఇంటికి పంపారు. నాలుగు రోజులు చల్లని పాలు, మెత్తటి అన్నం. వారం పదిరోజులు గొంతు కాస్త ముక్కుతో మాట్లాడినట్టు ఉంది. తర్వాత సర్దుకుంది.

పదిహేనో రోజున శ్రీవాసవి మళ్లీ కొట్టుకు వచ్చి, బెల్లం తిని, సంచుల మీద పడుకుంది. సుబ్బరత్నమ్మ బేరంలో ఉంది. కాసేపటికి ఏదో లోటనిపించి, మాట మధ్యలో ఆపేసి, లోపలికి పోయింది. పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసింది. వెచ్చటి గాలి తగిలింది. మళ్లీ వచ్చి కూర్చుంది, మళ్లీ పోయి చూసింది. బేరానికి వచ్చిన రైతు, "పాప యాడ పోయింది రత్నమ్మక్కా? కొట్టు బోసిపోయిండాదే" అన్నాడు.

"ఈడనే నిద్దరపోతాండాది."

"అబద్ధం."

"పోయి చూడప్పా. మూతి కాదు, దగ్గరికి పోయి చూడు."

ఇంతటితో అయిపోలేదు. మూడు నెలలకు వినికిడి పరీక్ష చేశారు. కుడి చెవి పూర్తిగా వచ్చింది. ఎడమ చెవిలో నీరు సగమే పోయింది. ఇంకో మూడు నెలలు చూసి, పోకపోతే చెవి పొరలో చిన్న గొట్టం పెడతామని డాక్టరు చెప్పింది. జ్ఞానేశ్వర్ ముఖం వాడింది. సుబ్బరత్నమ్మ, "భీమమ్మ రెండు తూర్లు పోయింది. నేను ఎన్ని తూర్లయినా వస్తా" అని డాక్టరుకే చెప్పి లేచింది. బడికి పోయి, పిల్లను కుడి చెవి టీచరు వైపు ఉండేట్టు ముందు వరసలో కూర్చోబెట్టి వచ్చింది. మందకొడి అన్న మాట వెనక్కి తీసుకోమని కూడా అడిగిందట. టీచరు తీసుకుంది.

జలుబు? చేస్తూనే ఉంది. ఏ పిల్లకు చేయదు?

మొన్న మార్చిలో నేను పోయినప్పుడు కొట్టు అరుగు మీద ఒక యువతి కూర్చుని ఉంది. పోరుమామిళ్ల పక్క నుంచి వచ్చింది. చేతిలో కృపమణి ఆస్పత్రి చీటీ, ఒళ్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న నాలుగేళ్ల పిల్లవాడు. సుబ్బరత్నమ్మే డాక్టరుకు చెప్పి ఉంచింది, ఎవరు అడిగినా మా పేరు ఇవ్వండి అని.

జ్ఞానేశ్వర్ ఉత్సాహంగా ముందుకు వచ్చాడు. "భయపడేదేం లేదమ్మా. మా పాపకు మొత్తం బాగయిపోయింది. చేయించేయండి."

లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది. "అడుగు విప్పు జ్ఞానేశూ."

అతను నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఆ యువతి పక్కన కూర్చుని, నిదానంగా మొదటి నుంచి చెప్పాడు. గురక పోయింది. ఊపిరి ఆగడం లేదు. కుడి చెవి వచ్చింది, ఎడమ చెవి ఇంకా రాలేదు, వచ్చే నెల గొట్టం పెడతారేమో. జలుబు అట్లనే చేస్తాది. ఆత్మకూరులో ఒకాయనకు ఏం తేడా కనపడలేదు, ఎందుకు కనపడలేదో ఆయన్నే అడగొచ్చు. పత్తికొండ పక్క ఒకామె రెండుసార్లు చేయించింది. ఓబుళేశు, భీమమ్మ ఇద్దరూ ఒప్పుకున్నారు గనుక వాళ్ల ఫోన్ నంబర్లు ఇచ్చాడు.

యువతి అంతా విని, "పాపను చూడొచ్చునా అన్నా?" అంది.

లోపల శ్రీవాసవి సంచుల మీద పడుకుని ఉంది. సుబ్బరత్నమ్మ లేపబోయింది. యువతి చేయి అడ్డం పెట్టింది.

"లేపొద్దులేమ్మా. నేను నిద్దర చూసేదానికే వచ్చినా."

తన కొడుకును ఒళ్లోనే పెట్టుకుని ఆమె ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది. ఒక గురక, ఒక నిశ్శబ్దం పక్కపక్కనే వినిపించాయి. ఆమె రెండూ వింటూ, కొడుకు గురక తెగగానే గోడ గడియారం ముల్లు వైపు చూసింది.